మిద్దె మీద పట్టాభిషేకం

"మామా, నాలుగు సముద్రాల నీళ్లు కావాలి. మనకేమో ఒకటే ఉంది, ఎట్టా?"

పొద్దున్నే మా మేనకోడలి టెన్షన్ ఇది. సెలవుల్లో పిల్లలంతా కలిసి మా మిద్దె మీద ఒక రాజ్యం పెట్టారు. ఈరోజు రాణికి పట్టాభిషేకం. రాముడి పట్టాభిషేకానికి వానరులు నాలుగు సముద్రాల నుంచి, ఐదు వందల నదుల నుంచి నీళ్లు తెచ్చారని రాత్రి వాళ్ల అవ్వ చెప్పింది. ఇంకేముంది!

ఆదివారం మైపాడులో పట్టుకొచ్చిన బాటిల్ ఉంది, అడుగున వేలెడు ఇసుకతో. పెన్నా నీళ్లో అంటే కుళాయి చూపించాను. నెల్లూరులో అది అబద్ధమేం కాదు లెండి.

కిరీటం పెళ్లి కార్డుది. లోపలివైపు ఇంకా 'విందు' అని కనిపిస్తోంది. 2023లో లండన్‌లో చార్లెస్ తల మీద పెట్టింది రెండు కిలోల పైనే, 1661 నాటిది. ఆయన కిక్కురుమనలేదు. మా రాణి మాత్రం అట్ట గుచ్చుకుంటోందని ఏడ్చింది. దూది అతికిస్తేగానీ ఊరుకోలేదు.

తీరా నీళ్లు పోసే సమయానికి వీధిలో ఐసు బండి గంట. ముందు రాజగురువు దిగాడు, వెనకే కిరీటంతో రాణి.

చెంబు పట్టుకుని నేనొక్కడినే మిగిలాను. ఉప్పునీళ్లు, మొక్కలకి పోసేవి కూడా కావు.