నీకేం వచ్చురా?

చర్చి సంఘంలో సేవ అంటే చాలామందికి రెండే గుర్తొస్తాయి: పాట, ప్రసంగం. నాకు ఆ రెండూ రావు. అయినా నాకూ ఒక పని ఉందని చిన్నప్పుడే తెలిసిందంటే అది మనం చదువుకున్న హాస్టల్ వార్డెన్ గారి చలవే.

కొత్త పిల్లాడు చేరితే ఆయన మార్కుల గురించి ముందు అడిగేవారు కాదు. "నీకేం వచ్చురా?" అనేవారు. మత్స్యకారులుండే జాలారిపేట నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్‌కి తాళ్లతో ముడులు వేయడం వచ్చు. క్రిస్మస్ పందిరి, నక్షత్రం వాడి చేతుల మీదే లేచేవి. నత్తి ఉన్న ఇంకొకడు మైక్ సెట్ చూసుకునేవాడు. నా చేతిరాత చూసి ఆదివారం బడి చార్టులు, తర్వాత కానుకల లెక్కల పుస్తకం నాకిచ్చారు.

బైబిల్లో నిర్గమకాండం 31వ అధ్యాయం ఆయనకు ఎంతో ఇష్టం. అక్కడ దేవుని ఆత్మతో నిండినవాడని చెప్పింది బెసలేలు గురించి. అతను బంగారం, వెండి, ఇత్తడి పని, కొయ్య చెక్కడం తెలిసిన పనివాడు. అలాగే యొప్పే పట్టణంలో దొర్కా అనే ఆమె చనిపోయినప్పుడు విధవరాళ్లు ఏడుస్తూ అపొస్తలుడైన పేతురుకి చూపించింది ఆమె కుట్టిన బట్టలే. ఇవి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

మన ఊరి చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖ వచ్చారు. సువార్తల అనువాదంలో వాళ్లకు ఆసరాగా నిలిచినవాడు క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్. అతని భాషే అతని కానుక. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో తెలుగులో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని వాళ్లిద్దరూ చూడలేదు.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. మా చర్చి రేకులు లేచిపోయాయి, చెట్లు వీధికి అడ్డంగా పడ్డాయి. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు మూగబోయాయి. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే ఎలక్ట్రీషియన్ ఎక్కడినుంచో జనరేటర్ తెచ్చి మోటారుకు కలిపాడు. మతం అడగకుండా వీధి వీధంతా బిందెలు నింపుకుంది. మా అక్కలు పెద్ద గుండిగల్లో పులిహోర కలిపారు. షిప్‌యార్డులో వెల్డింగ్ చేసే తమ్ముడు రేకులు బిగించాడు. ఆ వారం మా సంఘానికి ఎన్ని కృపావరాలున్నాయో, అంటే దేవుడిచ్చిన నేర్పులున్నాయో, కళ్లారా చూశాను.

కానీ మామూలు రోజులు రాగానే మళ్లీ యూత్ మీటింగుల్లో పాడేవాళ్లకే పిలుపు. లెక్కలు బాగా తెలిసిన అమ్మాయి మా సంఘంలోనే ఉంది, ఆమెని ఎవరూ అడగరు. నాకిది నిజంగా బాధ. కంటికి చేయి అవసరమని పౌలు కొరింథీయులకు రాసింది మనం ఆదివారం చదివి వదిలేయడానికి కాదు కదా.

అందుకే ఈసారి మన హాస్టల్ పాత విద్యార్థుల రీయూనియన్ రిజిస్టర్‌లో పేరు, బ్యాచ్, ఫోన్ నంబరు పక్కన 'చేతనైన పని' అని ఇంకో గడి పెట్టమని కమిటీని కోరాను. సరేనన్నారు. ప్లంబింగ్ వచ్చినవాళ్లు, కుట్టు వచ్చినవాళ్లు, హాస్టల్‌లో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పగలవాళ్లు, ఊరి నుంచి వచ్చిన ముసలాయన్ని విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఓపీ చీటీ దగ్గర్నుంచి వార్డు దాకా తోడుండి తీసుకెళ్లగలవాళ్లు దయచేసి ఆ గడి ఖాళీగా వదలకండి.