అదే పదివేలు

పోతన భాగవతంలోని వామనచరిత్ర వినేటప్పుడు అందరూ ‘ఇంతింతై వటుడింతయై’ దగ్గర చేతులు జోడిస్తారు. నా మనస్సు మాత్రం అంతకు ముందే, వటువుగా వచ్చిన వామనుడు ఇంకా చిన్నవాడుగా బలిచక్రవర్తి ఎదుట నిలబడి పలికిన ఈ కందం దగ్గర ఆగిపోతుంది.

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తం బగు లేశమైనఁ బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

దక్కినది కొంచెమైనా అదే పదివేలని తృప్తి పడనివాడు ఏడు ద్వీపాలు దక్కినా బాగుపడడని భావం. ఇందులో సప్తద్వీపాలను ఏదో పెద్ద సంఖ్యగా భావించి దాటిపోతుంటాం. భాగవతంలోనే పంచమస్కంధం చెప్పిన లెక్క చూడండి: జంబూద్వీపం లక్ష యోజనాలు, ప్లక్షం రెండు లక్షలు, ఆపైన ప్రతి ద్వీపమూ ముందుదానికి రెట్టింపవుతూ పుష్కరం దగ్గరికి వచ్చేసరికి 64 లక్షలు. ఆశ పెరిగే తీరు సరిగ్గా ఇదే; ఒకటి చేతికందగానే దానికి రెండింతలైనది కంటికి ఆనుతుంది. పైగా జంబూద్వీపాన్ని చుట్టి ఉన్నది లవణసముద్రం. ఉన్నచోటు చాలదని బయలుదేరినవాడికి మొట్టమొదట ఎదురయ్యేది ఎంత తాగినా దాహాన్ని పెంచే ఉప్పునీరే. వ్యాసుల వారు ఈ ఉద్దేశంతోనే అన్నారని నేను వాదించను గాని, పద్యం చదివినప్పుడల్లా ఆ ఉప్పు నా నాలుకకు తగులుతుంది.

పోతన గారి ‘పదివేలు’ నేటికీ మన ఇళ్లలో వినబడుతూనే ఉంది. అయితే మనం దాన్ని ఎప్పుడంటాం? ఇల్లు కాలి ప్రాణం దక్కినప్పుడు, వచ్చిన జబ్బు పెద్దది కాదని తేలినప్పుడు, అంటే ఏదో పోయాకనో, పోతుందని వణికాకనో ‘అదే పదివేలు’ అంటాం. స్వామి అలా అనలేదు. గోవులు, మాడలు, ఏనుగులు, భూములు ఏది కావాలన్నా ఇస్తానని దాత ముందుకు వచ్చిన వేళ, మూడడుగులే తన పాలిటికి బ్రహ్మాండమన్నాడు. ఈ ఘట్టాన్ని శ్రద్ధగా విని, లేచిన వెంటనే గర్భగుడి ముందు నిలబడి, ఇచ్చినదాన్ని ఒక్కసారైనా తలచుకోకుండా లేనివన్నీ ఏకరువు పెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. కోరవద్దని కాదు, ఆపదలో గజేంద్రుడూ మొరపెట్టాడు. కోరే ముందు ఈ పూట అందిన ఊపిరినైనా ఎంచండి, నాయనా!

చిన్నతనంలో నేనూ తీర్థానికి రెండు చేతులూ చాచి, ఇంకా పోయమని మారాం చేసేవాణ్ణి. ఒకనాడు అర్చకులు నవ్వి, కాదనకుండా ఉద్ధరిణె మీద ఉద్ధరిణె పోశారు. అరచేతి గుంటలో నిలిచినంతే నోటికి చేరింది. మిగిలినది వేళ్ల సందుల్లోంచి జారి, మోచేతి మీదుగా కారి, రాతినేల మీద పడింది. ఆయన ఏమీ అనలేదు; తులసిదళం అంటుకున్న ఆ తడిచేతిని తలకు రాసుకోమని మాత్రం సైగ చేశారు.