పటిక గీసిన చోట ఎరుపు

నాకు ఊపిరితిత్తుల టీబీ వచ్చి తగ్గింది. ఈ మాట చెప్పడానికి మా చుట్టాలు ఇప్పటికీ ఇబ్బంది పడతారు, ఎవరైనా అడిగితే "నిమ్ము చేసింది" అని సర్దేస్తారు. నాకు మాత్రం దాచాలనిపించదు, ఎందుకంటే దేవుడు నాతో ఎక్కువగా మాట్లాడింది ఆ నెలల్లోనే, అదీ నేను సరదాగా నేర్చుకున్న కలంకారీ పని ద్వారా.

మొదట దగ్గు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటకు దిండు తడిసిపోయేది, జాకెట్లన్నీ వదులైపోయాయి. వీధి చివర క్లినిక్‌లో సిరప్ మీద సిరప్ ఇచ్చారు. చివరికి తిరుపతి రుయా ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేస్తే బయటపడింది. ఆరు నెలల కోర్సు: మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత 4 నెలలు మూడు రకాలు, పరగడుపునే వేసుకోవాలి. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, తిండి ఖర్చుకు ఖాతాలో డబ్బు కూడా వేస్తుంది, 2024 నవంబర్ నుంచి అది నెలకు 1000 రూపాయలు. మా అమ్మ ఆ డబ్బుతో గుడ్లు, చెనక్కాయలు తెచ్చి "తినుమే, తినుమే" అని వెంటపడేది. మందుల వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ టెన్షన్‌కే సగం చచ్చిపోయేదాన్ని.

కలంకారీ అంతకు ముందు నుంచే నేర్చుకుంటున్నాను, శనివారాలు బస్సెక్కి కాళహస్తిలో ఒక అక్క దగ్గరికి వెళ్లేదాన్ని. జబ్బులో కొన్నాళ్లు వెళ్లలేకపోయాను. మందులు మొదలైన కొన్ని వారాలకు అంటించే గుణం బాగా తగ్గుతుందని, ఇక తిరగొచ్చని డాక్టరమ్మ చెప్పాక, మాస్కు పెట్టుకుని మళ్లీ వెళ్లాను. ఇంట్లో నా గ్లాసు, కంచం వేరుగా పెట్టినవాళ్లున్నారు (ఇది గాలి ద్వారా వచ్చే జబ్బు, కంచం ద్వారా రాదు, ఎన్నిసార్లు చెప్పినా వినరు), కానీ ఆ అక్క తను కూర్చునే చాప మీదే నాకు చోటిచ్చింది.

ఈ పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెడతారు. పాల వల్ల రంగు గీత దాటి పాకదు. ఆ గుడ్డ ఎండేటప్పుడు పులిసిన వాసన వస్తుంది, మాత్రలు వేసుకున్న కడుపుతో ఆ వాసన పీలిస్తే వాంతి వచ్చినంత పని అయ్యేది. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసుకుని, తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన నల్లరంగుతో గీతలు పెడతాం. వెదురు కలానికి చుట్టిన దారాన్ని వేళ్లతో నొక్కితే రంగు దిగుతుంది. ఎరుపు రావాల్సిన చోట మాత్రం రంగు వేయం, పటిక నీళ్లు వేస్తాం. వేశాక చూస్తే అక్కడ ఎరుపన్నది కనిపించదు. ఒకటికి రెండుసార్లు "అక్కా, నేను ఇక్కడ వేశానా లేదా" అని అడిగాను. "ఆగు మే, ఉడికినాక చూడు" అంది.

తర్వాత గుడ్డను పారే నీళ్లలో ఉతికి, ఎర్రరంగు ఇచ్చే వేళ్లు వేసిన గుండిగలో ఉడకబెడతారు. కట్టెతో తిప్పుతూ ఉంటే పటిక తాకిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. నేను వేసింది తప్పిపోయిన గొర్రెను భుజాన మోస్తున్న కాపరి, ఆయన పైబట్ట ఆ నీళ్లలోనే ఎర్రబడింది. అది చూస్తూ నిలబడిపోయాను. అప్పటికి కోర్సు సగంలో ఉన్నాను, దగ్గు తగ్గింది, బరువు పెరిగింది, ఇంకా ఈ మాత్రలెందుకు అనిపించే దశ అది, చాలామంది ఆపేసేది కూడా అప్పుడే, ఆపితే మిగిలిన క్రిములు మొండికేసి మామూలు మందులకు లొంగకుండా పోతాయి. బైబిల్లో రోమా పత్రిక 5వ అధ్యాయంలో శ్రమ నుంచి ఓర్పు, ఓర్పు నుంచి పరీక్ష, పరీక్ష నుంచి నిరీక్షణ పుడతాయని పౌలు రాసిన వరుస చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. దాని లోతు మాత్రం ఆ గుండిగ దగ్గరే అర్థమైంది. నాలో దేవుడు ఎక్కడెక్కడ ఏం వేశాడో నాకు కనిపించడం లేదు, అంతే.

ప్రార్థనకు వచ్చిన ఒకరు, విశ్వాసముంటే మాత్రలు మానెయ్యమన్నారు. నేను గట్టిగా కాదన్నాను. యెషయా 38వ అధ్యాయం చదవండి, హిజ్కియా రాజుకు ఇంకా 15 ఏళ్లు ఆయుష్షు ఇస్తానని దేవుడు మాటిచ్చాక కూడా పుండు మీద అంజూరపు ముద్ద కట్టమని ప్రవక్త యెషయానే చెప్పాడు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు. మోకాళ్ల మీద ప్రార్థన చేసి లేచి మాత్ర మింగడంలో నాకు ఏ తేడా కనిపించలేదు.

కలంకారీ గుళ్ల బట్ట కదా, మనకెందుకని అడిగినవాళ్లూ ఉన్నారు. రామాయణం గీసే కాళహస్తి చేతులే క్రీస్తు జీవితాన్నీ గీస్తున్నాయి. నిర్గమకాండం 31లో దేవుడు బెసలేలు అనే పనివాణ్ని తన ఆత్మతో నింపింది చేతిపని కోసమే, 35వ అధ్యాయంలో నీలం, ఊదా, ఎరుపు నూలుతో పనిచేసేవాళ్ల ప్రస్తావన కూడా ఉంది. నాకది చాలు.

కోర్సు పూర్తయింది, చివరి కళ్లె పరీక్షలో ఏమీ లేదు. వేళ్లలో తిమ్మిరి మాత్రం కొన్నాళ్లు వేధించింది, బి6 మాత్రలతో అదీ పోయింది. ఇప్పుడు హిజ్కియాను మొదలుపెట్టాను. మంచం, గోడవైపు తిరిగిన రాజు, అంజూరపు పండ్లు అన్నీ బొగ్గుతో గీసేశాను, యెషయా ముఖం దగ్గరే ఆగిపోయింది. అక్క ఒక ముఖం గీసి చూపించింది కానీ అది మరీ కోపంగా ఉంది, రాజు కన్నీళ్లు దేవుడు చూశాడని చెప్పడానికి తిరిగొచ్చిన మనిషి ముఖంలో జాలి ఉండాలి కదా, వచ్చే శనివారం మళ్లీ గీస్తాం.