పాత ఫ్లాటు చేతిలో ఉండగానే కొత్త ఇంటికి డబ్బు సమకూర్చుకున్న విధానం

ఉన్న ఇంటికి వాయిదాలు కడుతూనే మరో ఇల్లు కట్టబోయేవారికి అసలు చిక్కు డబ్బు చాలకపోవడం కాదని, అది కావలసిన రోజున చేతికి రాకపోవడమని నా అభిప్రాయం. కాగితం మీద మా లెక్క మొదటి నుంచీ సరిపోతూనే వచ్చింది. హైదరాబాదులో 2013లో 38 లక్షలకు కొన్న ఫ్లాటుకు 84 లక్షల ధర పలుకుతోంది, దాని మీద బ్యాంకు బాకీ 14 లక్షలు మిగిలి ఉంది, ఘట్‌కేసర్ వైపు ఎప్పుడో కొని ఉంచుకున్న స్థలంలో ఇల్లు కట్టడానికి 75 లక్షలు కావాలి. ఫ్లాటును ముందే అమ్మితే ఇల్లు పూర్తయ్యేదాకా అద్దెకు ఉండాలి. అమ్మకుండా మొదలుపెడితే పునాది తవ్వడానికి కూడా చేతిలో సొమ్ము ఉండదు.

ఉన్న ఇల్లు అమ్ముకోకూడదని, అద్దెకిచ్చి అట్టే పెట్టుకొమ్మని మా మామగారు గట్టిగా చెప్పారు. ఆయన తరంలో అప్పు చేయకుండా కట్టుకున్న ఇళ్లకు ఆ మాట చక్కగా వర్తించేది. మా ఫ్లాటుకు వచ్చే అద్దె నెలకు 22 వేలు, అంటే ఏడాదికి 2 లక్షల 64 వేలు. ఆ ఫ్లాటు అమ్మితే వచ్చే సొమ్ముకు బదులుగా అంత మొత్తం 8 శాతం వడ్డీకి అప్పు తెస్తే, ఏడాదికి 6 లక్షల 70 వేలకు పైగా వడ్డీయే అవుతుంది. ధర పెరుగుతుందన్న ఆశ ఒక్కటే ఆ తేడాను పూడ్చాలి, పాతబడుతున్న ఫ్లాటు విషయంలో నాకు ఆ నమ్మకం లేదు. కనుక అమ్మాలా వద్దా అన్నది మా ప్రశ్న కాలేదు, ఎప్పుడు అమ్మాలన్నదే ప్రశ్న అయింది.

స్థలానికి ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) పత్రం, ఆమోదం పొందిన ప్లాను, పాత యజమానుల నాటి లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద ఉన్న లావాదేవీలను చూపే ఈసీ, ఇంజనీరు సంతకంతో ఎస్టిమేటు ఇచ్చి నిర్మాణ రుణానికి దరఖాస్తు చేశాము. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహ రుణాలకు ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. దానికి తోడు బ్యాంకు మా జీతాలనూ పాత ఫ్లాటు వాయిదానూ కలిపి చూసి 45 లక్షల దగ్గర ఆగింది. ఆ ఎస్టిమేటు 62 లక్షలే. ప్రహరీ గోడ, బోరు, వంటగది అల్మారాలు, కరెంటు కనెక్షను ఖర్చు వంటివి అందులో లేవు. ఇల్లు కట్టేవారందరికీ తప్పని ఈ 13 లక్షల వంటి ఖర్చును చాలామంది చివరి నెలల్లో గాని లెక్కలోకి తీసుకోరు.

ఇంతకంటే ముఖ్యమైనది సొమ్ము విడుదలయ్యే క్రమం. ఎస్టిమేటుకూ రుణానికీ మధ్య ఉన్న 17 లక్షలను మార్జిన్ మనీగా మేమే ముందు ఖర్చు పెట్టాలి, అది పనిలో కనిపించిన తరువాతే బ్యాంకు సొమ్ము కదులుతుంది. అదీ దశలవారీగా, బేస్‌మెంటు అయ్యాక కొంత, స్లాబు పడ్డాక కొంత, ప్లాస్టరింగ్ తరువాత కొంత. ప్రతి దశలోనూ బ్యాంకు ఇంజనీరు వచ్చి జరిగిన పనిని చూసి, ఫొటోలు తీసుకొని, రిపోర్టు ఇవ్వాలి. కాంట్రాక్టరు పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. స్టీలు దిగాలన్నా, సెంట్రింగ్ కట్టాలన్నా ఆయనకు స్లాబుకు ముందే డబ్బు కావాలి. బ్యాంకు మాత్రం స్లాబు పడ్డాక ఇస్తుంది. ఈ రెండు తేదీల మధ్య మూడు నాలుగు వారాల ఖాళీని ఎవరు భరిస్తారన్నది ముందే తేల్చుకోకపోతే పని ఆగిపోతుంది, మేస్త్రీ మనుషులు మరో సైటుకు వెళ్లిపోతారు.

ఆ 17 లక్షలను సమకూర్చుకొని, ఈ ఖాళీని పూడ్చడానికి కొన్ని దారులు చూశాము. పాత ఫ్లాటు రుణం మీదనే అదనంగా ఇచ్చే టాప్-అప్ అప్పు త్వరగా దొరుకుతుంది గాని, అమ్మబోయే ఆస్తి మీదనే బాకీ పెంచుకోవడం నాకు నచ్చలేదు. పాత ఇల్లు అమ్ముడయ్యేదాకా ఆదుకొనే బ్రిడ్జ్ లోన్ కొన్ని బ్యాంకులు ఇస్తాయి గాని, దాన్ని తక్కువ కాలంలో తీర్చివేయాలి, వడ్డీ కూడా మామూలు గృహ రుణం కంటే ఎక్కువ. చివరికి 11 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు తీసి, మిగిలిన 6 లక్షలకు మా ఆవిడ నగలు తాకట్టు పెట్టాము. బంగారం మీద అప్పు అనగానే ఇళ్లల్లో ముఖాలు ముడుచుకుంటాయి గాని, తిరిగి తీర్చే తేదీ స్పష్టంగా తెలిసినప్పుడు అంత సులువైన అప్పు మరొకటి లేదు.

బేస్‌మెంటు పూర్తి కాగానే ఫ్లాటును అమ్మకానికి పెట్టాము. ఆషాఢంలో రిజిస్ట్రేషనుకు ముందుకు వచ్చేవారు తక్కువ కనుక, దానికి ముందు అగ్రిమెంటు, శ్రావణంలో రిజిస్ట్రేషను అన్నట్టుగా మాట్లాడుకున్నాము. ఆ మధ్యకాలంలో స్లాబు పడింది, బ్యాంకు నుంచి తీసుకున్న రుణం 26 లక్షలకు చేరింది. దానిపై వడ్డీ నెలకు 17 వేల పైచిలుకు, పాత ఫ్లాటు వాయిదా 19 వేలు. ఈ రెండూ కలిసి మోయవలసి వచ్చిన నెలలు బరువైనవే, కాని ముందే అమ్ముకొని అద్దెకు వెళ్లి ఉంటే ఆ అద్దె ఇంతకంటే ఎక్కువ కాలం కట్టేవాళ్లం. రిజిస్ట్రేషను తరువాత కూడా కొత్త ఇల్లు సిద్ధమయ్యేదాకా 11 నెలల ఒప్పందంతో అదే ఫ్లాటులో అద్దెకు ఉండేలా కొనుగోలుదారుతో ముందే రాసుకున్నాము. ఆయనకు కూడా వెంటనే చేరే అవసరం లేకపోవడం మాకు కలిసివచ్చింది. అందరికీ అలా కుదరదు, అందుకే ఈ షరతును ధర మాట్లాడే రోజునే చెప్పడం మంచిది.

చేతికి వచ్చేది 84 లక్షలు కాదు. కొనుగోలుదారు బ్యాంకు మా పాత బాకీ 14 లక్షలను నేరుగా మా బ్యాంకుకు చెల్లించింది. ఒక శాతం బ్రోకరు కమిషను 84 వేలు, 50 లక్షలు, ఆపై విలువ గల ఆస్తుల మీద కొనేవారు కోసి కట్టవలసిన ఒక శాతం టీడీఎస్ (ముందుగానే మినహాయించే ఆదాయపు పన్ను) మరో 84 వేలు. టీడీఎస్ సొమ్ము రిటర్ను వేశాక సర్దుబాటవుతుంది గాని, ఆ రోజుకు చేతిలో ఉండదు. మిగిలినవి 68 లక్షల 32 వేలు.

ఇక పన్ను. మినహాయింపు ఏదీ లేకపోతే దీర్ఘకాలిక మూలధన లాభం (అమ్మిన ధరలోంచి కమిషనూ కొన్న ధరా పోగా మిగిలినది) మీద 12.5 శాతం చొప్పున మాకు 5 లక్షల 64 వేలు అయ్యేది. 2024 జూలై 23కు ముందు కొన్న ఆస్తి కనుక, కొన్న ధరను ప్రభుత్వ ధరల సూచిక మేరకు పెంచి లెక్కించే ఇండెక్సేషనుతో 20 శాతం లెక్కన చూసుకొనే వీలు కూడా ఉంది. ఆ సూచిక 2013-14లో 220, 2025-26లో 376 కావడంతో పన్ను 3 లక్షల 64 వేలకు తగ్గుతుంది. మా అమ్మకానికి వర్తించిన 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 54వ సెక్షను ప్రకారం ఆ లాభాన్ని కొత్త ఇంట్లో పెడితే ఈ పన్ను కూడా ఉండదు. షరతు ఏమిటంటే, అమ్మిన నాటి నుంచి మూడేళ్లలోపు నిర్మాణం పూర్తికావాలి. నిర్మాణం అమ్మకానికి ముందే మొదలైనా ఫరవాలేదని హైకోర్టు తీర్పులు ఉన్నాయి. అయినా ముందు పెట్టిన ఖర్చును అధికారి ప్రశ్నిస్తే వాదించుకోవలసి వస్తుంది కనుక, బిల్లులను తేదీల వారీగా దాచుకొమ్మని, పెద్ద ఖర్చులు వీలైనంత మేర అమ్మకం తరువాతకు పడేలా చూసుకొమ్మని మా ఆడిటరు చెప్పారు. ఇల్లు పూర్తయ్యాక గాక స్లాబు దశలో ఫ్లాటు అమ్మడానికి నన్ను ఒప్పించిన కారణాల్లో ఇదే బలమైనది. రిటర్ను గడువు నాటికి ఖర్చు కాని లాభాన్ని బ్యాంకులో ఇందుకోసమే తెరిచే క్యాపిటల్ గెయిన్స్ (మూలధన లాభాల) ఖాతాలో జమ చేయాలి. అందులోంచి తీసిన సొమ్మును 60 రోజుల్లోగా ఇంటి కోసం వాడాలి.

అమ్మకం సొమ్ము అందిన తరువాత మొదట నగలు విడిపించాము. కొత్త రుణంలో మిగిలిన 19 లక్షలు తీసుకోలేదు. మంజూరైనంత మాత్రాన అంతా వాడుకోవలసిన అవసరం లేదు, వడ్డీ తీసుకున్న మేరకే పడుతుంది. అయితే మిగతా భాగం అక్కరలేదని బ్యాంకుకు లిఖితపూర్వకంగా చెప్పి, 26 లక్షల మీదనే వాయిదా నిర్ణయించిన పత్రం అడిగి తీసుకోవాలి. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ రుణం కనుక, ఇల్లు పూర్తయ్యాక మిగిలే సొమ్ముతో ముందస్తుగా తీర్చినా అదనపు రుసుము ఉండదు. పాత రుణం తీరాక అసలు డాక్యుమెంట్లను 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలని, ఆలస్యం తన వల్లే జరిగితే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన అమలులో ఉంది. ఫ్లాటు కొన్నవారికి అందవలసిన పత్రాలు కూడా అవే కనుక, బాకీ తీరిన రోజునే ఆ తేదీని ఉత్తరంలో రాయించుకోవడం అవసరం.