జాకీ రాబిన్సన్ 1947: కొత్త ఉద్యోగం, కొత్త పొజిషన్

అమెరికాలో ఉండే మనవాళ్లకి ఏప్రిల్ 15 అంటే ట్యాక్స్ ఫైలింగ్ గడువు. ఆ సాయంత్రం బేస్‌బాల్ పెడితే రెండు జట్లలోనూ అందరి వీపుల మీదా 42 నంబరే కనిపిస్తుంది. అది జాకీ రాబిన్సన్ నంబరు. 1947లో అదే తేదీన, 28 ఏళ్ల వయసులో, బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలో దిగాడు. 1880ల తర్వాత మేజర్ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే.

అతను పడ్డ తిట్ల గురించి అందరూ చెబుతారు. చేసిన పని గురించీ చెప్పుకోవాలి. బేస్ అంటే రన్నర్ పరిగెత్తి చేరాల్సిన చోటు, ఒక్కో బేస్ దగ్గర ఒక్కో ఫీల్డర్ కాపలా ఉంటాడు. అంతకుముందు ఏడాది మాంట్రియల్‌లో డాడ్జర్స్ కింది స్థాయి జట్టుకి రెండో బేస్ ఆడాడు. డాడ్జర్స్‌లో ఆ చోటు ఎడ్డీ స్టాంకీది. అందుకని అలవాటు లేని మొదటి బేస్ అప్పగించారు. అక్కడ బంతి అందుకునేటప్పుడు ఒక పాదం బేస్‌కి తగిలే ఉండాలి, అదీ లోపలి అంచునే. కాస్త మధ్యకి జరిగిందా, పరిగెత్తుకొచ్చేవాడి బూటు మేకులు కాలి మీద దిగుతాయి. ఆ ఆగస్టులో ప్రత్యర్థి ఆటగాడు ఇనోస్ స్లాటర్ బూటు అలాగే తగిలింది. కావాలనే తొక్కాడని చాలామంది అన్నారు, స్లాటర్ కాదన్నాడు. ఎవరేం చేసినా తిరగబడకూడదని డాడ్జర్స్ మేనేజ్‌మెంట్ తరఫున బ్రాంచ్ రికీ రాబిన్సన్ దగ్గర ముందే మాట తీసుకున్నాడు. ఇదంతా 5,000 డాలర్ల జీతానికి.

ఇల్లు వెతుక్కునే కష్టం మనకి తెలిసిందే. 1946లో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో బెదిరింపులొస్తే ఊరు వదలాల్సి వచ్చింది. మాంట్రియల్‌లో మాత్రం రాబిన్సన్ దంపతులకి ఇల్లు తేలిగ్గానే దొరికింది. మరుసటేడు ఫిలడెల్ఫియాలో జట్టు దిగే హోటల్ అతన్ని రానివ్వలేదు. అతను మాంట్రియల్‌లో ఆడుతున్న ఆ 1946 జూలైలోనే భారతీయులకి ఏడాదికి 100 మందిని అనుమతించే చట్టం మీద అధ్యక్షుడు ట్రూమన్ సంతకం పెట్టాడు. ఆ కోటా పద్ధతి పోవడానికి 1965 దాకా పట్టింది. మనలో చాలామంది ఇక్కడికి రాగలిగామంటే, 1964 పౌరహక్కుల చట్టం కోసం కొట్లాడిన వాళ్లకి రుణపడి ఉన్నాం. రాబిన్సన్ వాళ్లలో ఒకడు.

ఇక ఆటలో అతని అసలు ఆయుధం బేస్‌ల మధ్య పరుగు. బ్యాటర్ బంతి కొట్టకపోయినా రన్నర్ తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరితే దాన్ని స్టీల్ అంటారు. మొదటి ఏడాదే 29 స్టీల్స్, నేషనల్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. బ్యాటర్ నిలబడే చోటు, పరుగు పూర్తయ్యే చోటు అయిన హోమ్ ప్లేట్‌ని స్టీల్ చేయడం వీటన్నిటిలోకీ కష్టం. మూడో బేస్ నుంచి ప్లేట్‌కి 90 అడుగులు, బంతి విసిరే పిచర్ నుంచి అది రావాల్సింది 60 అడుగుల 6 అంగుళాలే. కాబట్టి పిచర్ చేతులెత్తి కాలు లేపే ఆ క్షణంలోనే బయల్దేరాలి. మొదలుపెట్టిన విండప్‌ని, అంటే విసరడానికి తీసుకునే ఊపుని, పిచర్ మధ్యలో ఆపకూడదు, ఆపితే బాల్క్ అనే తప్పు, రన్నర్‌కి ఉత్తపుణ్యానికి పరుగు. ఎడమచేతి పిచరైతే కాలు లేపినప్పుడు వీపు మూడో బేస్ వైపు ఉంటుంది, అది ఇంకా మంచిది. బ్యాటర్‌కి ముందే తెలియకపోతే మాత్రం ప్రమాదం. అతను బ్యాట్ ఊపితే తగిలేది రన్నర్‌కే.

సీజన్ మ్యాచుల్లో అతనిలా 19 సార్లు చేశాడు. 1955లో ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో, 36 ఏళ్ల వయసులో, యాంకీస్ జట్టు ఎడమచేతి పిచర్ వైటీ ఫోర్డ్ మీద మళ్లీ చేశాడు. అంపైర్ సేఫ్ అన్నాడు. హోమ్ ప్లేట్ వెనక బంతి పట్టే యాంకీస్ క్యాచర్ యోగీ బెర్రా గంతులేసి మరీ గొడవపడ్డాడు. ఆ మ్యాచ్ డాడ్జర్స్ 5-6తో ఓడినా సిరీస్ 4-3తో గెలిచారు. బ్రూక్లిన్‌లో ఉన్నన్నాళ్లూ వాళ్లకి దక్కిన వరల్డ్ సిరీస్ అదొక్కటే.