నెగెటివ్ అయినా వేసుకున్న మాత్ర

మా ఆయనకు హెచ్‌ఐవీ ఉంది, నాకు లేదు. మందులు వదలకుండా వేసుకుని వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పరీక్షలో కనపడనంతగా తగ్గితే భార్యకు అంటదని హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో చెప్పారు. ఆ ధైర్యంతోనే బిడ్డ కావాలనుకున్నాం. తీరా నాకు మూడో నెలలో ఆయన పనికని బెంగళూరు వెళ్లి, తోటివాళ్లు చూస్తారని మాత్రలు మానేశాడు. తిరిగొచ్చాక చూస్తే వైరల్ లోడ్ వేలల్లో ఉంది.

నాకు నెగెటివే వచ్చింది. కానీ కడుపుతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో కొత్తగా అంటుకుంటే బిడ్డకు పాకే ముప్పు మరీ ఎక్కువట. హెచ్‌ఐవీ అంటకుండా లేనివాళ్లు వేసుకునే మాత్ర ఉందని, దాన్ని ప్రెప్ అంటారని సెంటర్ బయట బెంచీ మీద ఒక అక్క నోటే మొదటిసారి విన్నాను. కాన్పుల డాక్టరమ్మను అడిగితే, "సూది గుచ్చుకుంటే 28 రోజులు వాడతారు, అదేనా?" అన్నారు. అది పెప్. ప్రమాదం జరిగాక 72 గంటల్లోపు మొదలుపెట్టేది. నేనడిగింది ముందునుంచే వేసుకునేది. రావత్తు ఒక్కటే తేడా!

చివరికి ఏఆర్‌టీ డాక్టరుగారు హెచ్‌ఐవీ మళ్లీ చేయించి, కిడ్నీల కోసం క్రియాటినిన్, హెపటైటిస్ బి కూడా చూసి రాసిచ్చారు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ కలిసిన మాత్ర, రోజుకొకటి. మూడు నెలలకోసారి పరీక్ష. మొదటి వారం మాత్రనే నమ్ముకోవద్దని, నిరోధ్ ఎప్పటికీ మానొద్దని చెప్పారు. పది రోజులు వికారం. వేవిళ్లు ఎప్పుడో తగ్గాయి కదా అని మా అత్తమ్మకు అనుమానం.

సీసా కదిలితే గలగలమనేది. లేబుల్ చింపేసి, లోపల దూది కుక్కి, ఐరన్ మాత్రల పక్కన పెట్టాను. "అన్నీ బలానికేనా అమ్మాయ్?" అంది అత్తమ్మ ఒకసారి. అవునన్నాను. అబద్ధమైతే కాదులెండి.

కాన్పయ్యాక అసలు చిక్కొచ్చింది. "బాలింతకు ఇంత పవర్ మందులా? పాలల్లోకి పోతాయి" అని వార్డులో ఒక సిస్టర్ ఆపించింది. రెండు రోజులు భయంతో మానేశాను. కౌన్సెలర్‌కు ఫోన్ చేస్తే, పాలల్లోకి వెళ్లేది చాలా కొంచెమని, మా ఆయన లోడ్ తగ్గలేదు కాబట్టి ఇప్పుడే ఆపకూడదని అన్నారు. ఆ రాత్రే పాపకు పాలిస్తూ మళ్లీ మింగాను.

మూడో నెల టీకాకు వెళ్లినప్పుడు మా ఏఎన్‌ఎమ్మమ్మ పక్కకు పిలిచి ఆ మాత్ర పేరడిగింది. చెప్తే, తన డైరీ వెనక పేజీలో రాసుకుంది. రావత్తు మాత్రం నేనే పెట్టించాను.