పదకొండు మెట్లు

"ఆ నంబర్ల సంగతి నువ్వు చూసుకో తల్లీ. నేను మెట్లు దిగి గేటు దాకా వెళ్లగలిగితే చాలు."

ఫోన్‌లో పెద్దాయన ఆ మాట అనేసరికి నా టైపింగ్ ఆగిపోయింది. అప్పటికే ఆయన కేర్ ప్లాన్‌లో (చికిత్స లక్ష్యాలు రాసే పత్రం) 'మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ 9 నుంచి 7కి' అని టైప్ చేసేశాను. హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష.

ఆయనకు 78 ఏళ్లు. షుగర్ మాత్ర వేసుకుని సరిగ్గా తినని రోజున కళ్లు తిరిగి మెట్ల మీదే కూర్చుండిపోయారట. అది రిపోర్టులో లేదు. ఎలా ఉంటుంది, ఎవరూ అడగలేదుగా! (రెండు కాల్స్ దాకా నేనూ అడగలేదు.)

షుగర్ మరీ పడిపోకుండా ఉండాలని, డాక్టరుగారితో మాట్లాడి ఆ 7ని '8 లోపు' అని మార్చాం. దానికి పైన, మొదటి లైన్లో: 'రెండు వారాల్లో, కూతురి చెయ్యి పట్టుకుని ఆరు మెట్లు.'

చదివి వినిపిస్తే, "ఆరేంటమ్మా, మొత్తం పదకొండే కదా!" అన్నారు.

బేరం ఇంకా తెగలేదు.